మిధాని : మనం కరిగించిన లోహాల కథ

మన సంఘం ప్రత్యేక సంచికకు సంస్థ పుట్టుపూర్వోత్తరాల మీద ఒక వ్యాసం రాయమని కార్యవర్గం వారు ఆదేశించారు. నేను మెల్ట్ షాపులో ముప్పై ఏళ్ళ పైచిలుకు పనిచేసిన వాణ్ణి. కలం పట్టడం కంటే కొలిమి దగ్గర నిలబడడమే నాకు అలవాటు. అయినా ఒప్పుకున్నాను. మిధాని గురించి పత్రికల్లో వచ్చేవి టర్నోవరు, ఆర్డర్లు, షేరు ధర. అవీ తెలుసుకోవలసినవే. కాని ఈ సంస్థ ఎందుకు పుట్టింది, అక్కడ కరిగిన లోహంలో అంత ప్రత్యేకత ఏముంది, అందులో మనవంటి వాళ్ళ పాత్ర ఎంత అన్నది మన ఇళ్ళలో వాళ్ళకే సరిగా తెలియదు. కనుక సాంకేతిక పదాలు వీలైనంత తగ్గించి, ఇంటిల్లిపాదీ చదువుకునేలా నాలుగు మాటలు రాస్తున్నాను.

పేరు - ఊరు

మిశ్ర ధాతు నిగమ్ లిమిటెడ్ 1973 నవంబరు 20న రక్షణ మంత్రిత్వ శాఖ కింద ప్రభుత్వ రంగ సంస్థగా ఏర్పడింది. ఆ మూడు మాటల మొదటి అక్షరాలే మిధాని. మిశ్ర ధాతువంటే మిశ్రమ లోహమని మనకు తెలుసు. బయటివాళ్ళకు అలా కాదు. నాకు పెళ్ళయిన కొత్తలో మా అత్తగారి ఊళ్ళో ఒక పెద్దాయన, "మీ యజమాని మిశ్రా గారు ఉత్తరాది ఆయనా బాబూ, జీతాలు సరిగా ఇస్తారా?" అని ఎంతో శ్రద్ధగా అడిగారు. యజమాని భారత ప్రభుత్వమని చెప్పాక గాని ఆయన మనసు కుదుటపడలేదు.

కంచన్‌బాగ్ అంటే బంగారు తోట. హైదరాబాదుకు ఆగ్నేయాన, పాతబస్తీ దాటాక, రాళ్ళూ గుట్టల మధ్య ఉన్న ఆ చోట పూచిన తోట మాత్రం వేరు. రక్షణ లోహ పరిశోధనశాల డి.ఎం.ఆర్.ఎల్., క్షిపణుల ప్రయోగశాల డి.ఆర్.డి.ఎల్., 1970లో ఏర్పడిన భారత్ డైనమిక్స్ అన్నీ ఇరుగు పొరుగులే. ఒకచోట పరిశోధన, పక్కన రూపకల్పన, ఆ పక్కన ఉత్పత్తి. వీటన్నిటికీ లోహం కావాలి. ఆ లోహం పుట్టవలసిన చోటు మిధాని.

ఎందుకు పుట్టింది

1962 చైనా యుద్ధం, 1965 పాకిస్తాన్ యుద్ధం మన దేశానికి నేర్పిన పాఠం ఒకటుంది. అవసరం మన పీకల మీదికి వచ్చినప్పుడే అవతలివాడు సరుకు ఆపేస్తాడు. 1965లో యుద్ధం మొదలవగానే అమెరికా రెండు దేశాలకూ ఆయుధ సహాయం నిలిపివేసింది. ఆయుధం కొనుక్కునే వాడికి ఆ గతి పడితే, ఆయుధం తయారు చేసుకుందామనుకునే వాడికి ఇంకో చిక్కు ఎదురైంది. హెచ్.ఎ.ఎల్. వారు ఒడిశాలోని కోరాపుట్‌లో మిగ్ విమానాల ఇంజిన్లు తయారు చేయడానికి పూనుకున్నారు. అయితే ఇంజిన్ లోపల ఎర్రగా కాలుతూ నిమిషానికి వేల చుట్లు తిరిగే బ్లేడ్లకు మామూలు ఉక్కు పనికిరాదు. నికెల్ ప్రధానంగా ఉండే సూపర్ అల్లాయ్ కావాలి. అది విదేశాల నుంచే రావాలి. ఇంజిన్ మనదే అంటున్నాం, దాని ప్రాణం మాత్రం ఇంకొకరి గోదాములో ఉంది.

భిలాయి, రూర్కెలా వంటి పెద్ద ఉక్కు కర్మాగారాలు ఈ లోహాలు ఎందుకు చేయలేవని మా అబ్బాయి ఒకసారి అడిగాడు. మంచి ప్రశ్నే. వాళ్ళ లెక్క లక్షల టన్నుల్లో ఉంటుంది. ఈ లోహాల లెక్క పదుల టన్నుల్లో, ఒక్కోసారి కిలోల్లోనే ఉంటుంది. రకాలు చూస్తే లెక్కకు మించి ఉంటాయి. యంత్రాలకు కోట్లు పోయాలి, ఆర్డర్లు ఎప్పుడొస్తాయో తెలియదు. లాభం చూసుకునే వ్యాపారి ఎవరూ ముందుకు రాని పని ఇది. అందుకే ప్రభుత్వమే చేయవలసి వచ్చింది. డి.ఎం.ఆర్.ఎల్.ను తీర్చిదిద్దిన డాక్టర్ ఆర్.వి. తంహంకర్ వంటి లోహ శాస్త్రవేత్తల తరం ఈ అవసరాన్ని ముందే గుర్తించింది.

గురువులు

మొదట్లో సాంకేతిక సహకారం విదేశాల నుంచే వచ్చింది. ఫ్రాన్సుకు చెందిన క్రూసో-లువార్, పెషినే యుజీన్ కూల్‌మన్, జర్మనీకి చెందిన క్రుప్ సంస్థలు మనకు గురుస్థానంలో ఉన్నాయి. యంత్రాలు దిగి, షెడ్లు లేచి, మనుషులకు శిక్షణ పూర్తయి, ఉత్పత్తి మొదలయ్యేసరికి 1980ల తొలి సంవత్సరాలు వచ్చాయి. సుమారు దశాబ్ద కాలం పట్టిందన్నమాట. ఆలస్యమని విమర్శించిన వాళ్ళూ ఉన్నారు.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. మనకు పాఠం చెప్పిన క్రూసో-లువార్ 1984లో దివాలా తీసింది. శిష్యుడు అక్షరాలు దిద్దుకుంటుండగానే గురువు గారి బడి మూతపడినట్లయింది. ఆ తరువాత వచ్చిన సందేహాలకు సమాధానాలు మన షాపుల్లోను, రోడ్డుకు అవతల డి.ఎం.ఆర్.ఎల్.లోను వెతుక్కోవలసి వచ్చింది. డాక్టర్ వి.ఎస్. అరుణాచలం తరువాత మన తెలుగువారు డాక్టర్ పల్లె రామారావు ఆ ప్రయోగశాలకు డైరెక్టరుగా ఉన్న కాలమది. అక్కడ కిలోల్లో తేలిన ఫలితాన్ని ఇక్కడ టన్నుల్లో తెప్పించడం మన పని. వినడానికి సులువుగానే ఉంటుంది. గ్లాసెడు పాలు తోడుపెట్టడం వేరు, పెళ్ళివారికి గంగాళం నిండా తోడుపెట్టడం వేరు అని వంటింట్లో వాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు.

ఈ నేల మీద ఈ విద్య కొత్తదని మాత్రం అనుకోవద్దు. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మట్టి మూసల్లో ఇనుము పెట్టి, గాలి చొరకుండా మూసి, గంటల తరబడి కాల్చి, మెల్లగా చల్లార్చి ఉక్కు ముద్దలు తీసేవారు. వాటిని కొనడానికి పర్షియా వర్తకులు వచ్చేవారు. వాయిజీ అనే ఆంగ్లేయుడు ఆ పనిని కళ్ళారా చూసి రాసిన వివరణ 1832లో అచ్చయింది. ఇంగ్లీషువాళ్ళు "ఊట్స్" అని పిలిచింది మన "ఉక్కు" మాటనే అంటారు. గాలి సోకకుండా కరిగించాలన్న సూత్రం వాళ్ళకూ తెలుసు, మనమూ చేసింది అదే. అయితే ఆ పనివాళ్ళ పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. కొలిమిలు ఆరిపోయాక వాళ్ళ మెళకువలూ వాళ్ళతోనే పోయాయి. ఈ సంగతి వ్యాసం చివర మళ్ళీ అవసరమవుతుంది, గుర్తుంచుకోండి.

శూన్యంలో పాకం

మన పనిని ఇంట్లోవాళ్ళకు చెప్పాలంటే అరిసెల పాకమే మంచి పోలిక. దినుసులు అందరికీ తెలుసు. పాకం ఎప్పుడు దించాలో తెలిసినవాళ్ళే అరిసె చేయగలరు. మన కొలిమిలో పాకం గాలి లేని చోట కుదరాలి. గాలిలోని ఆక్సిజన్, నైట్రోజన్, తేమలోని హైడ్రోజన్ కరిగిన లోహంలోకి దూరితే అది పెళుసెక్కుతుంది. అవి లోహంలో పది లక్షల వంతుల్లో కొన్ని వంతులు మాత్రమే ఉండాలి. అందుకే వాక్యూమ్ ఇండక్షన్ ఫర్నేసులో, గాలినంతా పంపులతో తోడేసి కరిగిస్తారు.

అలా పోసిన దిమ్మను ఎలక్ట్రోడ్ అంటారు. దాన్ని తీసుకెళ్ళి వాక్యూమ్ ఆర్క్ ఫర్నేసులో వేలాడదీస్తారు. కింద నీళ్ళతో చల్లబరిచే రాగి మూస ఉంటుంది. విద్యుత్తు మెరుపుకు ఎలక్ట్రోడ్ కొస కరిగి బొట్లుబొట్లుగా మూసలో పడుతూ, అడుగు నుంచి పైకి గడ్డకడుతుంది. అంటే ఒకసారి కరిగినదాన్ని మళ్ళీ నిదానంగా కరిగించి శుభ్రం చేయడమన్నమాట. ఇది గంటల తరబడి సాగుతుంది. మధ్యలో ఆపి మళ్ళీ మొదలుపెట్టడానికి వీలుండదు. పండగ రోజున కూడా సి షిఫ్టులో కళ్ళు మీటర్ల మీద పెట్టుకుని కూర్చున్న రాత్రులు మనలో ఎందరికో గుర్తుండే ఉంటాయి.

దిమ్మ తయారైతే సగం పనే అయినట్లు. ఫోర్జ్ షాపులో కాల్చి సాగగొట్టాలి, రోలింగ్ చేయాలి, వేడి చికిత్స చేయాలి, అల్ట్రాసోనిక్ పరీక్షతో లోపల పగులు ఉందేమో వెతకాలి. ప్రతి కరిగింపుకీ ఒక హీట్ నంబరు ఉంటుంది. ఆ నంబరు చివరి ముక్క దాకా వెంట వస్తుంది. దానితోపాటు ఒక టెస్ట్ సర్టిఫికెట్ వెళుతుంది. మనం అమ్మినది లోహమని లోకం అనుకుంటుంది. నా దృష్టిలో మనం అమ్మినది ఆ కాగితం మీద నమ్మకం. అనుమానం ఉన్న దిమ్మను, ఎంత ఖరీదైనదైనా, ఎంత తొందరైనా, పక్కన పెట్టే గుండె ధైర్యం నుంచి వస్తుంది ఆ నమ్మకం. యంత్రాలను డబ్బిచ్చి కొనుక్కోవచ్చు. ఈ అలవాటును మాత్రం ఏ దేశమూ అమ్మదు.

తరుగు సంగతి కూడా చెప్పాలి. కంసాలి బంగారపు రజను ఎలా ఊడ్చి దాచుకుంటాడో, మన దగ్గర లేతు కింద రాలిన తరుగును అలాగే రకం వారీగా వేరుచేసి దాచేవారు. నికెల్, కోబాల్ట్ మన దేశానికి చాలావరకు దిగుమతే. తరుగులో ఒక రకం ఇంకో రకంతో కలిస్తే కరిగించడానికి పనికిరాదు. ఆ వేరుచేసే పని చేసిన హెల్పర్లను చరిత్రలో ఎవరూ తలవరు. నేను తలుస్తున్నాను.

శ్రీహరికోట దాకా

1980 జులై 18న విజయవంతమైన ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు చిన్నది. దాని మొదటి దశ వ్యాసం మీటరే. 15 సి.డి.వి. 6 అనే ఉక్కు దానికి సరిపోయింది. పి.ఎస్.ఎల్.వి. అలా కాదు. మొదటి దశ వ్యాసం 2.8 మీటర్లు, లోపల వంద టన్నులకు పైగా ఘన ఇంధనం. అప్పట్లో ప్రపంచంలోని పెద్ద ఘన ఇంధన దశల్లో అదొకటి. మండుతున్నప్పుడు లోపలి ఒత్తిడిని తట్టుకోవాలి, గోడ మందం సెంటీమీటరు కూడా ఉండకూడదు, బరువు పెరగకూడదు. దీనికి తగినది మారేజింగ్ ఉక్కు.

ఈ ఉక్కు తమాషా అయినది. మామూలు ఉక్కుకు బలం కార్బన్ వల్ల వస్తుంది. ఇందులో కార్బన్ దాదాపు లేనట్లే. నికెల్ సుమారు 18 శాతం, కోబాల్ట్ 8, మాలిబ్డినం 5, చిటికెడు టైటానియం ఉంటాయి. మొదట మెత్తగా ఉంటుంది, వంచవచ్చు, వెల్డింగ్ చేయవచ్చు. ఆ పనులన్నీ అయ్యాక సుమారు 480 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర కొన్ని గంటలు ఉంచితే ఆకారం మారకుండానే బిగిసిపోతుంది. అప్పుడు ఒక్క చదరపు మిల్లీమీటరు మేర ఉక్కు సుమారు 175 కిలోల బరువును ఆపుతుంది. అంటే బియ్యపు గింజ అడ్డుకోతంత చోటు మీద ముగ్గురు మనుషుల బరువు.

కంచన్‌బాగ్‌లో కరిగిన ఈ ఉక్కును రూర్కెలాలో పలకలుగా సాగదీశారు. ఎల్ అండ్ టి, వాల్‌చంద్‌నగర్ సంస్థలు ఆ పలకలను గొట్టాలుగా చేసి, అయిదు ఖండాలు కట్టాయి. ఇంధనం పోసి నిలబెట్టింది అప్పట్లో మన నెల్లూరు జిల్లాలో ఉన్న శ్రీహరికోటలో. 1993 సెప్టెంబరు 20న తొలి ప్రయోగం జరిగింది. ఉపగ్రహం కక్ష్య చేరలేదు. ఆ రోజు మనలో ఎంతమంది అన్నం సహించక కూర్చున్నామో! అయితే మొదటి దశ తన పని తాను సక్రమంగా చేసింది. లోపం పైదశల్లో, నియంత్రణ వ్యవస్థలో ఉందని తేలింది. ఏడాది తిరిగాక 1994 అక్టోబరు 15న అదే రాకెట్టు విజయం సాధించింది. 2008 అక్టోబరు 22న చంద్రయాన్-1, 2013 నవంబరు 5న మంగళయాన్ బయలుదేరింది ఆ మొదటి దశ మీదనే. 2023 జులై 14న చంద్రయాన్-3ను ఎత్తిన ఎల్.వి.ఎం.-3కి ఇరువైపులా ఉన్న 3.2 మీటర్ల పెద్ద బూస్టర్ల కవచాలూ మారేజింగ్ ఉక్కువే. ఆగస్టు 23న అది చంద్రుడి మీద దిగుతుంటే టీవీ ముందు మనవలు కేకలు వేశారు. నేను మాత్రం మెల్ట్ షాపు వాసన తలుచుకున్నాను.

ఇసుక మనది, స్పంజి వాళ్ళది

టైటానియం కథ ఇంకా చోద్యం. ఉక్కులో దాదాపు సగం బరువు, బలంలో తీసిపోదు, తుప్పు పట్టదు. విమానాలకు, క్షిపణులకు, మోకాలు, తుంటి ఆపరేషన్లకు కూడా వాడతారు. దాని ఖనిజం ఇల్మనైట్ మన సముద్ర తీరం ఇసుకలో పుష్కలం. కేరళలో చవర, మన భీమునిపట్నం తీరం నల్ల ఇసుక అదే. కాని ఇసుక నుంచి లోహం తీయడం కష్టం. క్లోరిన్‌తో ద్రవంగా మార్చి, మెగ్నీషియంతో విడదీస్తే స్పంజి లాంటి ముద్ద వస్తుంది. ఏళ్ళ తరబడి ఆ స్పంజిని విదేశాల నుంచి తెప్పించుకుని, ఒత్తి, అతికించి, శూన్యంలో రెండుసార్లు కరిగించి మనం దిమ్మలు చేశాం. స్పంజి తీసే పద్ధతిని డి.ఎం.ఆర్.ఎల్. సాధించగా, అంతరిక్ష శాఖ సహాయంతో చవరలో ఏడాదికి 500 టన్నుల కర్మాగారం 2011లో మొదలైంది. కాళ్ళ కింది ఇసుక మన కొలిమి దాకా రావడానికి అన్నేళ్ళు పట్టింది.

తలుపులు మూసినప్పుడు

1987లో పెద్ద దేశాలు క్షిపణి పరిజ్ఞానం ఎవరికీ ఇవ్వకూడదని ఒప్పందం చేసుకున్నాయి. అప్పటికే 1983లో మొదలైన క్షిపణి కార్యక్రమాన్ని మన పక్క ప్రాంగణంలో డాక్టర్ అబ్దుల్ కలాం నడుపుతున్నారు. 1988 ఫిబ్రవరిలో పృథ్వి, 1989 మేలో అగ్ని ఎగిరాయి. 1992లో క్రయోజెనిక్ ఇంజిన్ల విషయంలో ఇస్రో మీద అమెరికా ఆంక్షలు పెట్టింది. 1998 మేలో పోఖ్రాన్ పరీక్షల తరువాత ఆంక్షలు మరింత బిగిశాయి. రక్షణ, అంతరిక్ష, అణుశక్తి సంస్థలెన్నో వాళ్ళ జాబితాకెక్కాయి. ఆ రోజుల్లో పని ఆగలేదంటే, 1973లో ఎవరో ముందుచూపుతో విత్తనం వేయబట్టే. పదేళ్ళ ఆలస్యమని విమర్శించిన వారికి ఇంతకంటే జవాబు అక్కర్లేదు. లోహం కావలసిన నాడు కొలిమి కట్టడం మొదలుపెడితే కుదరదు.

2018లో ప్రభుత్వం 26 శాతం వాటాను ప్రజలకు అమ్మింది. షేరు 90 రూపాయలకు వచ్చింది. మనలో కొందరు కొన్నారు, కొందరు ప్రైవేటుపరం అవుతుందేమోనని కలవరపడ్డారు. నా అభిప్రాయం ఒక్కటే. వాటా ఎవరి చేతిలో ఉన్నా, ఎప్పుడో గాని రాని చిన్న ఆర్డరును, కష్టమైన లోహాన్ని కాదనకుండా చేసే గుణం పోకూడదు. అది పోతే మళ్ళీ 1965 దగ్గరికే వెళతాం.

ఇక మన వంతు

మన పిల్లల్లో చాలామంది చదువుకున్న టౌన్‌షిప్ బడికి బ్రహ్మప్రకాశ్ గారి పేరు ఉంది. ఆయన పేరుగాంచిన లోహ శాస్త్రవేత్త, తిరువనంతపురం విక్రమ్ సారాభాయ్ కేంద్రానికి తొలి డైరెక్టరు. పెద్దవారి పేర్లు అలా నిలుస్తాయి, నిలవాలి కూడా. మరి తక్కినవాళ్ళ సంగతి?

ఆ మధ్య మన సభ్యుడొకాయన కాలం చేశారు. దినవారాలయ్యాక ఆయన భార్య కాగితాల పని మీద సంఘం ఆఫీసుకు వచ్చారు. సంతకాలన్నీ అయ్యాక లేవబోతూ, "అన్నయ్యగారూ, మా వారు అక్కడ ఏం చేసేవారు?" అని అడిగారు. ముప్పై ఏళ్ళు క్యారియరు కట్టి పంపిన మనిషి. ఆఫీసు సంగతులు ఇంట్లో చెప్పకూడదన్న నియమాన్ని ఆయన అంత నిష్ఠగా పాటించారు. ఆర్క్ ఫర్నేసు దగ్గర ఆయన చేసిన పని ఏమిటో, ఆ ఉక్కు ఏ రాకెట్లలో వాడారో, పత్రికల్లో వచ్చిన మేరకు చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఈ మాట మా మనవడికి మీరే చెప్పాలి" అన్నారు. ఆ ఆదివారమే వాళ్ళింటికి వెళ్ళి చెప్పి వచ్చాను.

కోనసముద్రం పనివాళ్ళకు రాయడం రాక వాళ్ళ విద్య పోయింది. మనకు రాయడం వచ్చు. రహస్యాలు ఎవరూ రాయనక్కర్లేదు. పాళ్ళు, కొలతలు, ఎవరికి ఎంత సరుకు పంపామన్నవి సంస్థ దగ్గరే ఉండాలి, ఉంటాయి. మీరు ఏ ఏడు చేరారు, ఏ షాపులో పనిచేశారు, పని ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎవరికి నేర్పారు, కొత్త యంత్రం వచ్చిననాడు ఏం జరిగింది, క్యాంటీనులో ఏ కబుర్లు చెప్పుకున్నారు, ఇవి రాయండి. పాత ఫోటోలుంటే వెనక పేర్లు, సంవత్సరం రాసి ఇవ్వండి. లేనివారి తరఫున వాళ్ళ పిల్లలు రాయవచ్చు.

కళ్ళు సరిగా కనపడనివారు, చెయ్యి వణికేవారు మొహమాటపడవద్దు. మీరు చెబుతుంటే రాసిపెట్టే బాధ్యత నాది. ప్రతి ఆదివారం ఉదయం పది గంటల నుంచి సంఘం ఆఫీసులోనే ఉంటాను.